గుర్రానికి లోపల రక్తం కారుతుంటే: ఆపరేషన్ లేకుండా ఏం చేయొచ్చు, ఏం అస్సలు చేయకూడదు

బెజవాడ వన్‌టౌన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి పెళ్లి ఊరేగింపు నడుస్తా ఉందనుకుందాం, ముందు డీజే బండి, వెనక టపాకాయలు, మధ్యలో బండికి కట్టిన రెండు గుర్రాలు. ఒకటి బెదిరి రెండోదాన్ని ఎడమ పక్కన పక్కటెముకల చివర ఫట్‌మని తన్నింది. గుర్రాలాయన చెయ్యి పెట్టి తడిమి చూశాడు, తోలు చిట్లలేదు, ఒక్క చుక్క రక్తం లేదు, సరేలే అని ఊరేగింపు కానిచ్చేశారు. గంటన్నర తర్వాత చూస్తే ఆ గుర్రం చల్లటి చెమటలు పట్టి నిలబడిపోయింది, కడుపు వైపు తిరిగి తిరిగి చూస్తా ఉంది, ముందు కాలితో నేలని గీకుతా ఉంది. చుట్టూ ఉన్న నలుగురూ ఒకటే మాట, కడుపు నొప్పిరా, కళ్లెం పట్టుకుని నడిపించండి, తగ్గిపోద్ది.

సరిగ్గా ఇక్కడే ప్రాణం మీదకొస్తది. కడుపు నొప్పికి నడిపించడం అనేది తరతరాలుగా వస్తున్న అలవాటు, మామూలు గ్యాస్ నొప్పికి దానివల్ల కొంచెం ఉపయోగం కూడా ఉంటది, అందుకే ఎవరూ అనుమానించరు. కానీ లోపల రక్తం కారే గుర్రం కూడా బయటికి అచ్చం కడుపు నొప్పిలాగే కనిపిస్తది, దాన్ని నడిపిస్తే గుండె వేగం పెరిగిద్ది, బీపీ పెరిగిద్ది, అప్పుడే అతుక్కుంటున్న రక్తపు గడ్డ ఊడిపోయి మళ్లీ కారడం మొదలయిద్ది. సాయం చేస్తున్నామనుకుంటూ చంపేయడం అన్నమాట.

ఎడమ పక్కటెముకల వెనక ఉండేది ప్లీహం, డాక్టర్లు స్ప్లీన్ అంటారు. గుర్రానికి ఇది మామూలు అవయవం కాదు, ఎర్ర రక్తకణాల గోడౌన్ లాంటిది, ఒంట్లో ఉన్న మొత్తం ఎర్రకణాల్లో మూడో వంతు దాకా ఇందులో దాచిపెట్టుకుంటది. పరిగెత్తేటప్పుడు పిండినట్టు ముడుచుకుని ఆ కణాలన్నీ రక్తంలోకి వదులుద్ది, అందుకే గుర్రం అంత పరుగు పెట్టగలుగుతది. అలాంటి గోడౌన్‌కి పగులు వస్తే ఎంత పోతుందో చెప్పక్కర్లేదు. ప్లీహం ఒక్కటే కాదు, ఈనిన ఆడగుర్రానికి గర్భాశయం పక్క రక్తనాళం చిట్లొచ్చు, పక్కటెముక విరిగి ఛాతీలోకి కారొచ్చు, పాము కాటు, ఎలుకల మందు, పరుగులో ఊపిరితిత్తులు, ముక్కు వెనక గాలి సంచుల్లో ఫంగస్, దారులు చాలా ఉన్నాయి.

ముందు లెక్క ఒకటి తెలియాలి. గుర్రం ఒంట్లో రక్తం దాని బరువులో సుమారు 8 శాతం. మన దగ్గర ఊరేగింపులకి తిప్పే గుర్రాలు రేసు గుర్రాలంత పెద్దవి కాదు, 350 కిలోలు అనుకుంటే 28 లీటర్లు, అంటే ఇంటికొచ్చే 20 లీటర్ల వాటర్ టిన్ను ఒకటిన్నర కంటే కాస్త తక్కువ. ఇందులో 15 శాతం, అంటే నాలుగు లీటర్ల చిల్లర పోయినా గుర్రం పెద్దగా తేడా చూపించదు, నిలబడే ఉంటది, గడ్డి కూడా కొరుకుతా ఉంటది. 30 శాతం, అంటే ఎనిమిది లీటర్లు దాటిందంటే షాక్ మొదలు, అంటే అవయవాలకి సరిపడా రక్తం అందని పరిస్థితి. 40 శాతం దాకా వెళ్తే నిమిషాల లెక్క. కడుపులో పేగుల మధ్య ఖాళీ ఎంతుంటదంటే ఈ ఎనిమిది పది లీటర్లూ బయటికి కనపడకుండా అందులో సర్దుకుంటాయి, పొట్ట ఉబ్బినట్టు కూడా తెలియదు.

బరువు తెలియకపోతే మందు లెక్కలన్నీ గాల్లో లెక్కలే, మన దగ్గర గుర్రాన్ని తూకం వేసే చోటు వెతుక్కోవాల్సిందే కాబట్టి టైలర్ టేపు చాలు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకుని దాన్ని దాంతోనే గుణించి, భుజం ముందు ఎముక నుంచి పిరుదు ఎముక దాకా పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వచ్చేస్తాయి. చుట్టుకొలత 160, పొడవు 150 అయితే 323 కిలోలు. ఇది గుర్రం బాగున్నప్పుడే కొలిచి గోడ మీద రాసిపెట్టుకోవాల్సిన పని, ఆపదలో టేపు కోసం వెతుక్కునే పని కాదు.

గుర్తుపట్టడం ఎలా అంటే ఫోన్ టార్చ్ చాలు మొదట్లో. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడాలి, మామూలుగా లేత గులాబీ రంగులో తడిగా ఉంటాయి, రక్తం పోతుంటే ముందు పాలిపోయి తర్వాత సున్నం వేసినట్టు తెల్లగా అయిపోతాయి. వేలితో చిగురు నొక్కి వదిలితే రంగు రెండు సెకన్ల లోపల తిరిగి రావాలి, మూడు నాలుగు పడుతుంటే తేడా ఉన్నట్టే. చెవులు, కాళ్లు చల్లబడతాయి. దవడ ఎముక కింద అంచున వేలు పెడితే నాడి తగులుద్ది, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి, విశ్రాంతిలో ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 మధ్య ఉంటది. ఊరేగింపులో ఎగిరిన గుర్రానికి ఎలాగూ ఎక్కువే ఉంటది కదా అనొచ్చు, నిజమే, కానీ నీడలో నిలబెట్టిన పది పదిహేను నిమిషాల్లో బాగా దిగిపోవాలి. దిగకపోగా 60 దాటి 80 వైపు పోతుంటే ఇంక ఊరేగింపు సంగతి మర్చిపోవాలి.

ల్యాబ్ రిపోర్టులో ఒక పెద్ద మోసం ఉంది, అనుభవం లేని డాక్టర్లు కూడా ఇక్కడ పడిపోతారు. రక్తంలో ఎర్రకణాల శాతాన్ని పీసీవీ అంటారు, రక్తం పోతే ఇది తగ్గాలి కదా. గుర్రంలో వెంటనే తగ్గదు. పోయేది రక్తం మొత్తంగా, కణాలూ నీళ్లూ కలిసే పోతాయి, పైగా ప్లీహం ముడుచుకుని కొత్తగా కణాలు వదులుద్ది, దాంతో సగం చచ్చిన గుర్రానికి కూడా మొదటి 12 నుంచి 24 గంటలు పీసీవీ నార్మల్ అని, ఒక్కోసారి ఎక్కువని కూడా వస్తది. ప్రోటీన్ మాత్రం నాలుగు నుంచి ఆరు గంటల్లోనే పడిపోవడం మొదలుపెడుద్ది. అందుకే పీసీవీ బాగుండి ప్రోటీన్ పడిపోతుంటే, దానికి తోడు లాక్టేట్, అంటే ఆక్సిజన్ అందని ఒంట్లో పేరుకునే పదార్థం, పెరుగుతుంటే, లోపల కారుతుందని అనుమానించాలి. అల్ట్రాసౌండ్ ఉంటే ఇంకా తేలిక, కడుపులో రక్తం పొగ సుడులు తిరుగుతున్నట్టు కనిపిస్తది, పొట్ట కింద సూది పెట్టి తీస్తే ఎర్రటి నీళ్లు గడ్డకట్టకుండా వస్తాయి.

ఇప్పుడు అసలు విషయం. చేతికి గాయమైతే గుడ్డ పెట్టి నొక్కుతాం, లోపల కారేదాన్ని నొక్కడానికి చెయ్యి పట్టే చోటు లేదు. ఆపరేషన్ లేకుండా ఆపడం అంటే జనం అదేదో ఇంజెక్షన్ ఉంటది, వేస్తే టక్కున ఆగిపోద్ది అనుకుంటారు, అలాంటిది లేదు. రక్తాన్ని ఆపేది గుర్రం ఒంట్లో తయారయ్యే గడ్డే, మనం చేయగలిగింది ఆ గడ్డ కుదురుకునేదాకా దాని జోలికి పోకుండా ఉండటం, ఇంకెవరినీ పోనివ్వకుండా చూడటం, ఈలోపల గుర్రం చచ్చిపోకుండా టైమ్ కొనిపెట్టడం. వైద్యమంతా ఈ మూడు ముక్కల చుట్టూనే తిరుగుద్ది.

పగిలిన పైపుతో పోల్చుకుంటే త్వరగా అర్థమయిద్ది. మేడ మీద ట్యాంక్ నిండా ఉంటే పగిలిన చోట నీళ్లు చిమ్ముతాయి, ట్యాంక్ సగానికి దిగితే ధార సన్నబడుద్ది, అప్పుడు ఎంసీల్ పెడితే నిలబడుద్ది. రక్తం పోయి బీపీ తగ్గడం అనేది గుర్రం ఒళ్లు చేసుకునే సొంత రిపేరులో భాగం. ఆ టైమ్‌లో బీపీ పడిపోయింది బాబోయ్ అని చేతికందిన సెలైన్ బాటిల్స్ అన్నీ రెండు వైపులా ఫుల్ స్పీడ్‌లో ఎక్కించేస్తే ఏమయిద్ది, ప్రెషర్ లేచి గడ్డ ఎగిరిపోద్ది, మిగిలిన రక్తం నీళ్లలా పల్చబడిపోద్ది, గడ్డకట్టించే ప్రోటీన్లు కూడా పలచనైపోతాయి, మళ్లీ కారుద్ది, మళ్లీ బీపీ పడుద్ది, మళ్లీ సెలైన్. చూసేవాళ్లకి వైద్యం బ్రహ్మాండంగా జరుగుతున్నట్టే ఉంటది.

అందుకని రక్తం ఇంకా ఆగని గుర్రానికి బీపీని కావాలనే కాస్త తక్కువలో ఉంచుతారు, మెదడుకీ కిడ్నీలకీ సరిపడేంత, సగటు ప్రెషర్ 60కి కాస్త అటూ ఇటూ, అంతకుమించి లేపరు. కిలోకి 10 మి.లీ. చొప్పున మెల్లగా ఎక్కించి ఆగి చూస్తారు. 350 కిలోల గుర్రానికి మూడున్నర లీటర్లు, అంటే అరలీటరు సెలైన్ బాటిల్స్ ఏడు. ఏడు బాటిల్సా అని మనుషుల లెక్కలో భయపడతారు, ఇరవై పెట్టాలని ఇంకొకళ్లు తొందరపడతారు, రెండూ తప్పే. నాడి కొంచెం దిగిందా, చిగుళ్లలో రంగొచ్చిందా, ఒంటికి పోసిందా, ఇవి చూసి తర్వాత మాట్లాడాలి. ఉప్పు ఎక్కువుండే 7.2 శాతం సెలైన్ ఒకటుంది, కిలోకి 2 నుంచి 4 మి.లీ.తోనే బీపీని గబుక్కున లేపుద్ది, కానీ ఆ గబుక్కునే ఇక్కడ ప్రమాదం, కూలిపోయే గుర్రానికి చివరి అస్త్రంగా తప్ప వాడకూడదు, వాడాక మామూలు సెలైన్ ఎక్కించాల్సిందే. ఈ పద్ధతి కూడా కొన్ని గంటల ఆట మాత్రమే, రోజుల తరబడి బీపీ తక్కువలో ఉంచితే కిడ్నీలు పోతాయి.

సెలైన్ కంటే ముందు చేయాల్సింది, పైసా ఖర్చు లేనిది, జనానికి అస్సలు నచ్చనిది ఏంటంటే గుర్రాన్ని నిలబడ్డ చోటే వదిలేయడం. డీజే ఆపించాలి, లైట్లు తీసేయాలి, చుట్టూ జనాన్ని పంపేయాలి, రోజూ పక్కన ఉండే తోడు గుర్రం ఉంటే దాన్ని దగ్గర్లో కట్టేయాలి ఎందుకంటే ఒంటరైతే గుర్రం బెంబేలెత్తుద్ది. ఒక్క మనిషి, దానికి అలవాటైన మనిషి, పక్కన ఉంటే చాలు. మన వైపు పశువులకి చేసే నాటు వైద్యాలు ఇక్కడ చేస్తే మాత్రం పని అయిపోయినట్టే. వాతలు పెడితే నొప్పికి బీపీ లేచిపోద్ది. ఎద్దుకి తాగించినట్టు వెదురు గొట్టంతో కషాయం పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే అవకాశం ఎక్కువ. చెవి కోసి చెడు రక్తం తీయడం గురించి ఇంక చెప్పేదేముంది, లోపల పోయేది చాలక బయటికి కూడానా. బకెట్‌లో నీళ్లు పెట్టి తాగితే తాగనివ్వాలి, బలవంతం వద్దు, గుగ్గిళ్ల తొట్టి పక్కకి పెట్టేసి నాలుగు పరకలు పచ్చగడ్డి వేస్తే చాలు.

కుదురుగా నిలబడకపోతే మత్తు ఇవ్వాలి కదా అంటే అక్కడ కూడా మెలిక ఉంది. గుర్రాలకి బాగా వాడే ఏస్‌ప్రొమజీన్ రక్తనాళాలని వదులు చేసి బీపీని పడేస్తది, రక్తం తక్కువైన గుర్రానికి వేస్తే అక్కడికక్కడే కూలిపోవచ్చు. జైలజీన్ వేసిన వెంటనే బీపీ మొదట లేచి తర్వాత దిగుద్ది, అందుకే ఇస్తే చాలా తక్కువ డోసులోనే ఇస్తారు. బ్యూటార్ఫనాల్ లాంటివి గుండె మీద తక్కువ భారం వేస్తాయి. నొప్పికి ఫ్లునిక్సిన్ ఒక డోసు పర్వాలేదు, ఆస్పిరిన్ మాత్రం ముట్టుకోకూడదు, ప్లేట్‌లెట్ల పని చెడగొడుద్ది.

రక్తం ఆపే మందులు అని చెప్పుకునే వాటిలో కాస్త నమ్మదగ్గది ట్రానెగ్జామిక్ యాసిడ్, జపాన్‌లో ఒకామోటో దంపతులు 1962లో కనిపెట్టింది. ఇది గడ్డని తయారు చేయదు, తయారైన గడ్డ కరిగిపోకుండా కాపాడుద్ది, ఈ తేడా చాలామంది పట్టించుకోరు. మనుషుల్లో యాక్సిడెంట్ కేసుల మీద 20,000 మందికి పైగా పెట్టి చేసిన క్రాష్-2 ట్రయల్ 2010లో వచ్చింది, చావులు తగ్గాయి, కానీ మూడు గంటల లోపల ఇస్తేనే, ఆలస్యంగా ఇస్తే ఉపయోగం పోయి నష్టమే కనిపించింది. గుర్రాల మీద అంత పెద్ద పరీక్ష ఏదీ జరగలేదు, ల్యాబ్‌లో మాత్రం గుర్రం ప్లాస్మాకి, అంటే రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవానికి, మనుషుల కంటే బాగా తక్కువ మందే సరిపోయింది. వాడకంలో ఉన్న డోసు కిలోకి 10 మి.గ్రా. దరిదాపుల్లో, నరంలోకి మెల్లగా. మెడికల్ షాపులో దొరికేది 5 మి.లీ.లో 500 మి.గ్రా. ఉండే ఆంప్యూల్, 350 కిలోల గుర్రానికి 7 ఆంప్యూల్స్ అన్నమాట, రాత్రి పది గంటలకి కూడా గుంటూరులోనో బెజవాడలోనో ఏదో ఒక షాపులో దొరుకుతాయి. మందు దొరకడం ఇక్కడ సమస్య కాదు, దొరికింది కదా అని బరువు తెలియకుండా, డాక్టర్ లేకుండా పొడిచేయడం సమస్య. ఎమైనోకాప్రోయిక్ యాసిడ్ కూడా ఇదే కుటుంబం, అదే పని.

ఇంకో వింత మందు ఫార్మలిన్, అవును, కాలేజీ ల్యాబుల్లో కప్పలని దాచేదే. దాన్ని బాగా పలుచన చేసి సెలైన్‌లో కలిపి నరంలోకి ఎక్కించడం చాలా దేశాల్లో గుర్రం డాక్టర్లు ఏళ్ల తరబడి చేశారు. తీరా ఆరోగ్యంగా ఉన్న గుర్రాల మీద కొలిచి చూస్తే గడ్డకట్టడంలో చెప్పుకోదగ్గ మార్పు ఏమీ రాలేదు, డోసు పెరిగితే వణుకు, కన్నీళ్లు, గుండె దడ మాత్రం వచ్చాయి. చైనా వాళ్ల యున్నాన్ బైయావ్ పొడి కథ కూడా దగ్గర దగ్గర ఇంతే, పేరు ఎక్కువ రుజువు తక్కువ. రక్తం దానంతటదే ఆగిన గుర్రాలన్నీ చివరికి ఎక్కించిన మందు ఖాతాలో పడిపోతాయి, అందుకే ఇలాంటివి పోకుండా వాడకంలో ఉండిపోతాయి.

మందులన్నీ ఒక ఎత్తు, రక్తం ఎక్కించడం ఒక ఎత్తు. సెలైన్ ఎంత పోసినా ఆక్సిజన్ మోయదు, మోసేది ఎర్రకణమే. గుర్రాల్లో రక్తం గ్రూపుల వ్యవస్థలు ఏడెనిమిది ఉన్నాయి, వాటి కలయికలు లెక్కేస్తే లక్షల్లో తేలతాయి, కాబట్టి అచ్చంగా మ్యాచ్ అయ్యే రక్తం అనేది దాదాపు దొరకదు. కానీ పిల్లుల్లాగా గుర్రాలకి పుట్టుకతోనే వేరే గ్రూపు మీద బలమైన పగ ఉండదు, అందుకే మొట్టమొదటిసారి ఎక్కించేటప్పుడు మ్యాచింగ్ చేయకపోయినా చాలావరకు ఇబ్బంది రాదు. ఎక్కించిన కణాలు కొద్ది రోజులే బతుకుతాయి, పర్వాలేదు, మనకి కావాల్సింది ఆ కొద్ది రోజులే. దాతగా మంచిది వృషణాలు తీయించిన మగగుర్రం, ఇంతకుముందు రక్తం ఎక్కించుకోనిది, బలంగా ఉన్నది. ఈనిన ఆడగుర్రం వద్దు, గర్భంలో పిల్ల వల్ల దానికి యాంటీబాడీలు తయారై ఉండొచ్చు. గాడిద, కంచరగాడిద రక్తం అస్సలు వద్దు, గాడిదల ఎర్రకణాల మీద గుర్రంలో లేని ఒక యాంటిజెన్ ఉంటది, అంటే గుర్రం ఒళ్లు పరాయిదని ఎదురుతిరిగే గుర్తు.

500 కిలోల దాత నుంచి ఆరు నుంచి ఎనిమిది లీటర్లు తీయొచ్చు, మన చిన్న గుర్రాల నుంచి నాలుగైదు. మనుషుల బ్లడ్ బ్యాగ్ తెస్తే అందులో పట్టేది 350 మి.లీ., ఐదు లీటర్లకి పదిహేను బ్యాగులు మార్చాలి, గుర్రం మెడ దగ్గర నిలబడి ఒక్కో బ్యాగూ ఊపుతూ నింపుతూ ఉంటే తెల్లారిపోద్ది, చేసేవాళ్లు అలాగే చేస్తారు మరి. ఎక్కించేటప్పుడు మొదటి పావుగంట చుక్కల్లా పోనిచ్చి దద్దుర్లు, వణుకు, ఊపిరి వేగం చూసుకుని అప్పుడు పెంచాలి. గ్లాండర్స్, సర్రా, గోమార్ల జ్వరం లాంటి అంటుకునే జబ్బుల కోసం దాతని ముందే పరీక్ష చేయించి ఉంచుకోవాలి, గ్లాండర్స్ మనుషులకి కూడా అంటుకునే జబ్బు. గుర్రాలు తిప్పే నాలుగు కుటుంబాలు కలిసి ఒక దాత గుర్రాన్ని ఇలా పరీక్ష చేయించి పెట్టుకుంటే సరిపోద్ది, ఇప్పటికైతే ఇలాంటి ఆలోచనే ఎవరికీ ఉన్నట్టు లేదు.

పోయిన రక్తం మొత్తం భర్తీ చేయక్కర్లేదు, సగం లోపు చాలు, ఎందుకంటే కడుపులోకి కారిన రక్తం వృథా కాదు. అక్కడ పడిన ఎర్రకణాల్లో మూడింట రెండొంతుల దాకా రెండు మూడు రోజుల్లో మళ్లీ రక్తంలోకి చేరిపోతాయి. కడుపులో రక్తం ఉంది కదా తీసేద్దాం అని గొట్టం పెట్టి లాగేయడం అందుకే పొరపాటు, ఒకటి ఆ రక్తం గుర్రానిదే, రెండోది ఆ రక్తం లోపల ఉండి ఇచ్చే ఒత్తిడి కూడా కారే చోటుకి కట్టులాగా పనిచేస్తది. ఛాతీలో చేరి ఊపిరి ఆడనివ్వకపోతే మాత్రం కొంత తీయక తప్పదు.

ఇక గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పొలాల పక్కన గుర్రాన్ని మేపేవాళ్లు పట్టించుకోవాల్సిన సంగతి వేరే ఉంది. రక్తపింజర. పేరులోనే ఉంది రక్తం, దీని విషం గడ్డకట్టించే ప్రోటీన్లని ఒక్కసారిగా వాడించేసి ఖాళీ చేసేస్తది, తర్వాత ఎక్కడ కారితే అక్కడ ఆగదు, చిగుళ్లు, మూత్రం, లోపల అవయవాలు. గడ్డిలో మూతి పెట్టినప్పుడు కాటు పడితే ముక్కు వాచి మూసుకుపోద్ది, గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు కాబట్టి పెద్ద సిరంజిని రెండు చివర్లా కోసి, అంచు నున్నగా చేసి, ముక్కులో గొట్టంలా దూర్చి ప్లాస్టర్ వేయడం ముందు చేయాల్సిన పని. గడ్డకడుతుందో లేదో చూడటానికి శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రెండు మి.లీ. రక్తం తీసి కదపకుండా 20 నిమిషాలు ఉంచి వంచి చూస్తారు, నీళ్లలా జారితే విషం పనిచేస్తున్నట్టే. గుర్రం రక్తం మనుషుల కంటే మెల్లగా గడ్డకడుద్ది, కాబట్టి పక్కనే బాగున్న గుర్రం రక్తం ఇంకో గొట్టంలో పెట్టి పోల్చుకోవడం మంచిది.

ఇక్కడ ఆపరేషన్ అనే మాటే లేదు, ఆపరేషన్ చేస్తే చస్తది. మందు ఒక్కటే, పాము విషానికి విరుగుడు సీరం. ట్రానెగ్జామిక్ యాసిడ్ పెట్టినా, ప్లాస్మా ఎక్కించినా విరుగుడు పడనంత వరకు బూడిదలో పోసిన పన్నీరే, వచ్చిన ప్రోటీన్‌ని వచ్చినట్టే విషం తినేస్తది. డోసు గుర్రం బరువుని బట్టి కాదు, ఎక్కిన విషాన్ని బట్టి, గడ్డకట్టే పరీక్ష మళ్లీ మళ్లీ చేసుకుంటూ ఎక్కించాలి. తమాషా ఏంటంటే మన దేశంలో ఆ సీరం తయారయ్యేది గుర్రాల రక్తంలోనే, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటి విషాన్ని కొంచెం కొంచెంగా ఎక్కించి వాటి ప్లాస్మా నుంచి తీస్తారు, మనుషుల్ని కాపాడేది కూడా అదే.

ఎలుకల మందు ఇంకో దొంగదెబ్బ. దాణా గోడౌన్లలో పెట్టే నీలం, గులాబీ రంగు బిళ్లల్లో బ్రోమాడియోలోన్ లాంటివి ఉంటాయి, ఉలవల బస్తాలో కలిసిపోయి గుర్రం తిన్న రెండు మూడు రోజుల దాకా ఏమీ తెలియదు, ఆ తర్వాత కీళ్లలో, ఛాతీలో, కడుపులో కారడం మొదలు. దీనికి విటమిన్ కె1 ఇవ్వాలి, అది పనిచేయడానికి కొన్ని గంటలు పడుద్ది కాబట్టి ఆలోపు తాజా ప్లాస్మా, తర్వాత వారాల తరబడి కె1 కొనసాగించాలి. షాపులో విటమిన్ కె అని అడిగితే కె3 చేతిలో పెట్టే ప్రమాదం ఉంది, సీసా మీద మెనాడియోన్ అని ఉంటే తిరిగిచ్చేయాలి, అది గుర్రాల కిడ్నీలని పాడుచేస్తది. పాము కాటైనా, ఎలుకల మందైనా, రక్తం గడ్డకట్టని గుర్రానికి కండలోకి ఇంజెక్షన్లు పొడవకూడదు, పొడిచిన ప్రతిచోటా లోపల రక్తం నిండి గుమ్మడికాయంత వాపు లేస్తది.

ఈనిన ఆడగుర్రం విషయంలో అయితే ఆపరేషన్ లేని దారే మొదటి దారి. వయసు మళ్లి చాలాసార్లు ఈనిన గుర్రాల్లో గర్భాశయం పక్క నాళం చిట్లుద్ది, రక్తం ఆ పక్క పొరల మధ్యే చిక్కుకుంటే పొర బిగిసి దానంతటదే కట్టు కట్టినట్టు అయిద్ది. పొర చిరిగి కడుపులోకి పోతేనే పెద్ద గండం. పై పెదవి పైకి ముడిచి నిలబడటం, చెమట, పాలిపోయిన చిగుళ్లు, ఇవి చూసి మాయ పడలేదేమో అని చెయ్యి పెట్టి వెతకడం మొదలుపెడితే ఆ పొర కాస్తా చిరిగిపోద్ది. పిల్లని కనపడేలా పక్కనే ఉంచాలి, విడదీస్తే తల్లి గోల పెట్టి తిరుగుద్ది. అమెరికాలో హాస్పిటల్‌కి చేరిన ఇలాంటి 73 గుర్రాల లెక్క 2008లో వచ్చింది, 84 శాతం బతికాయి. హాస్పిటల్ దాకా చేరినవాటి లెక్క అది, పాకలోనే పోయినవి అందులో లేవు, అయినా చీకటి గది, మెల్లగా సెలైన్, రక్తం ఎక్కించడం వీటి సత్తా ఏంటో అర్థమయిద్ది.

ముక్కులోంచి రక్తం వస్తే మాత్రం ఎప్పుడు వచ్చిందన్నది అడగాలి. గట్టిగా పరిగెత్తాక రెండు ముక్కుల్లోంచీ వస్తే అది ఊపిరితిత్తుల నుంచి, పరుగులో అక్కడి సన్నటి నాళాల్లో ప్రెషర్ 100కి దగ్గరగా లేచి గోడలు చిట్లుతాయి, మలక్‌పేట రేసుల్లో పరిగెత్తే జాతి గుర్రాలకి స్కోప్ పెట్టి చూస్తే సగానికి పైగా వాటిలో ఎంతో కొంత ఉంటది. పద్దెనిమిదో శతాబ్దంలోనే ఇంగ్లాండ్‌లో ఒక గుర్రానికి బ్లీడింగ్ చిల్డర్స్ అని పేరు పడిపోయిందంటే ఇది ఎంత పాత జబ్బో చూడండి. దీనికి విశ్రాంతి, దుమ్ము లేని మేత. ఒంట్లో నీళ్లని మూత్రంగా పంపేసే ఫ్యూరోసెమైడ్ మందు పరుగుకి నాలుగు గంటల ముందు ఇస్తే తగ్గుద్దని దక్షిణాఫ్రికాలో 167 గుర్రాల మీద 2009లో తేలింది, చాలా దేశాలు రేసు రోజున దాన్ని ఒప్పుకోవు అనుకోండి.

ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఒక ముక్కులోంచి రక్తం వస్తే అది వేరే కథ. చెవి కింద, గొంతు వెనక గుర్రానికి గాలి సంచులు ఉంటాయి, వాటి గోడల్లోంచే మెదడుకి పోయే పెద్ద నాళం వెళ్తది. అక్కడ ఫంగస్ పట్టి ఆ నాళాన్ని తింటూ పోద్ది. మొదట కొంచెం కారి ఆగిపోద్ది, అందరూ ఎండ దెబ్బ అనుకుంటారు, మన గుంటూరు ఎండలకి ఆ మాట ఎవరైనా నమ్మేస్తారు. కొన్ని రోజులకో వారాలకో ఒక్కసారిగా బకెట్లకొద్దీ వచ్చి చచ్చిపోద్ది. ఆపరేషన్ చేయకపోతే ఇందులో దాదాపు సగం పోతాయి. ఇక్కడ మందులతో నెట్టుకొద్దాం అనుకోవడం జూదమే, మొదటి చిన్న రక్తస్రావమే ఒక్క అవకాశం, ఆ నాళాన్ని మూయగలిగే చోటుకి అప్పుడే తీసుకెళ్లాలి.

తీసుకెళ్లడం అన్నది కూడా చిన్న నిర్ణయం కాదు. బెజవాడకి దగ్గర్లో గన్నవరంలో ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీ ఉంది, 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వ్యవస్థ ఉంది. కానీ లోపల కారుతున్న గుర్రాన్ని మినీ లారీ ఎక్కించి, స్పీడ్ బ్రేకర్ల మీద కుదుపుతూ తీసుకుపోతే దారిలోనే గడ్డ ఊడొచ్చు. షాక్‌లో ఉన్నప్పుడు డాక్టర్నే గుర్రం దగ్గరికి రప్పించడం, నాడి దిగి చిగుళ్లు కాస్త రంగొచ్చాక అప్పుడు కదిలించడం మేలు. ఫోన్‌లో కడుపు నొప్పి అని చెప్పకుండా, తన్ను తగిలింది, చిగుళ్లు తెల్లగా ఉన్నాయి, నాడి ఇంత అని చెబితే వచ్చేవాళ్లు దానికి తగ్గ సామాను తెచ్చుకుంటారు.

గండం గడిచాక మళ్లీ ఒక తప్పు జరుగుద్ది, రక్తం పట్టాలని ఐరన్ ఇంజెక్షన్లు. లోపల కారిన రక్తంలో ఐరన్ ఒంట్లోనే ఉంది, ఎక్కడికీ పోలేదు, పైగా నరంలోకి, కండలోకి ఇచ్చే ఐరన్‌కి గుర్రాలు రియాక్షన్ వచ్చి అక్కడికక్కడే పోయిన సందర్భాలు ఉన్నాయి. పచ్చగడ్డి, ఉలవలు, నీళ్లు, టైమ్ చాలు. గుర్రం లేత ఎర్రకణాలని ఎముక మూలుగులోంచి బయటికి వదలదు, కాబట్టి కొత్త రక్తం తయారవుతుందో లేదో మామూలు పరీక్షలో కనపడదు, వారానికోసారి పీసీవీ చూసుకోవడమే దారి, అది రోజుకి ఒక శాతం కూడా సరిగ్గా పెరగదు. ప్లీహం మీద అతుక్కున్న గడ్డ గట్టిపడి మచ్చ కట్టడానికి నెల నుంచి నెలన్నర పడుద్ది, ఆ నెలన్నరా పాకలోనే. మాఘమాసం ముహూర్తాలు వచ్చేశాయి, గుర్రం కూడా మంచిగా తింటా ఉంది కదా అని మూడో వారంలో జీను వేసి డీజే ముందు నిలబెడితే, అతుకు మళ్లీ అక్కడే ఊడుద్ది.